గుడ్డ కంటే ముందు కాగితం కోయి వదినా

ఏం వదినా, ఆ రవికను అట్లా దండెం మీదికి విసిరికొట్టినావు? టైలరు దగ్గర్నుంచి వచ్చిందా? చంకల్లో పట్టేస్తాందా, భుజం దగ్గర జారుతాందా? రెండూనా! ఒకే జాకెట్టులో బిగుతునూ లూజునూ కలిపి కుట్టినాడంటే మామూలు పనితనం కాదులే. ఆది జాకెట్టు ఇచ్చే వచ్చినానంటావు. ఇచ్చే ఉంటావు, ఎవరు కాదన్నారు? గోడ దగ్గరికి రా, ఈ పక్క నీడ ఉంది. పొయ్యి మీద పప్పు ఉంటే సిమ్‌లో పెట్టి రా. ఇది ఒక్క ముక్కలో తేలే సంగతి కాదు.

ముందు ఆ టైలరును అంతగా ఆడిపోసుకోవద్దు. ఉగాది నెత్తి మీదికొచ్చింది. మన శ్రీశైలం కొండ మీద కుట్టేవాళ్లు తక్కువ, కుట్టించుకునేవాళ్లు ఎక్కువ. లైనింగు రంగు కుదరకపోతే దోర్నాలకో మార్కాపురానికో దిగాల. నంద్యాల దాకా పోవాలంటే ఆత్మకూరు మీదుగా పోయి వచ్చేసరికి దినమంతా అయిపోతుంది. రాత్రి తొమ్మిది దాటిందా, పులుల అడవి కాబట్టి చెక్‌పోస్టు గేట్లు మూసేస్తారు, మల్ల పొద్దున ఆరింటికే తీసేది. ఇన్ని తిప్పల మధ్య కుట్టేవాడికి తప్పులు వస్తాయి. అయినా వాడి చేతికి నువ్వు ఇచ్చింది ఏందో కూడా చూడాల కదా.

నువ్వు ఇచ్చిన ఆది జాకెట్టు ఎప్పటిదో. ఉతికి ఉతికి చంకల్లో సాగింది, నిలువున కుదించుకపోయింది. పక్కన కుట్లు విప్పి నువ్వే లూజు చేసుకున్నావు. అది కూడా అంతకు ముందరి జాకెట్టును ఆదిగా పెట్టి కుట్టించిందే. ఆ ముందరిది ఇంకోదాన్ని చూసి కుట్టింది. నకలుకు నకలు, దానికి ఇంకో నకలు. ఒక్కోసారి పావు ఇంచీ అటో ఇటో జరిగినా చాలు, చివరికి మిగిలేది నీ ఒంటి కొలత కాదు, పాత జాకెట్ల తప్పులన్నీ కలిపిన మొత్తం. గుడ్డ సాగుతుంది వదినా, కాగితం సాగదు. నీ ఒంటికి దిద్దుకున్న కాగితం కటింగు ఒకటి నీ బీరువాలో ఉంటే, ఇంగ కుట్టేది నువ్వైనా టైలరైనా ఒకటే.

నవ్వుతావేం? పేపరు కటింగు అంటే ట్రైనింగుకు పోయే పిల్లల పని అనుకుంటాండావా?

అయితే ఇది విను. నిన్న మధ్యాహ్నం నువ్వు కునుకు తీస్తాంటే మన వీధి చివర చెట్టు కింద కన్నడం వాళ్లు దిగినారు. వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను, అడవంతా నడిచి కైలాసద్వారం ఎక్కి వచ్చినవాళ్లు. వాళ్లకు భ్రమరాంబ తమ ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. అందుకే ఉగాదికి చీర, పసుపు, కుంకుమ పట్టుకొని ఇంత దూరం వస్తారు. వాళ్లలో ఒక అవ్వ ఇల్కల్ చీర మీద ఖణం రవిక తొడుక్కోనింది. ఖణం అంటే బాగల్‌కోట జిల్లా గుళేదగుడ్డలో రవికల కోసమే నేసే గుడ్డ. మనం చీర కొసన జాకెట్టు ముక్క కత్తిరించుకుంటాం గానీ, అది రవిక కోసమని, అంచుతో సహా మగ్గం మీంచి దిగుతుంది.

ఎవరు కుట్టినారవ్వా అంటే తన వైపే వేలు చూపించుకుంది. చేయి పైకెత్తమని చంక చూసినాను, అవ్వ ఏమీ అనుకోలేదులే. చంకలో చిన్న చదరం ముక్క వేసి ఉంది. ఆ ముక్క ఉంది కాబట్టి బిందె ఎత్తినా, కట్టెల మోపు దించినా రవిక నడుం మీంచి పైకి లేవదు. టేపు లేదు, సుద్ద లేదు, జానలూ బెత్తెలే ఆమె లెక్క. ఆమె ఒంటికి ఆమె కట్టుకున్న లెక్క కాబట్టి యాడా పట్టలేదు. చూడు, జాకెట్టు పాడయ్యేది ఛాతీ దగ్గర కాదు, చంక దగ్గర. చంక కుదిరితే మిగతాదంతా దిద్దుకోవచ్చు.

సరే, కాగితం సంగతికి వస్తా. రెండు పాత పేపర్లు మైదా ఉడకబెట్టి అతికించు. వెనక భాగంతో మొదలుపెట్టు, అది సులువు. కాగితాన్ని సగానికి మడువు, ఆ మడతే నీ వెన్నెముక. మడత వెంబడి జాకెట్టు పొడుగు గుర్తు పెట్టు. ఛాతీ చుట్టుకొలత 36 అనుకో, అందులో నాలుగో వంతు 9 ఇంచీలు మడత నుంచి పక్కకు. దానికి కుట్టు కోసం ఒకటిన్నరో రెండో ఇంచీలు కలుపు. ఆ అదనం ఎందుకో నీకు తెలియందా? మన జాకెట్టు లోపల పక్కన వరసగా రెండు మూడు కుట్లు వేసి పెడతారు. కాస్త ఒళ్లు వస్తే ఒకటి విప్పుకుంటాం. రెడీమేడ్‌లో ఆ మర్యాద ఉండదు.

భుజం, మెడ మాత్రం లెక్కలోంచి తీయొద్దు. టేపు ఒంటి మీద పెట్టే తీయాల, అదీ ఇంకొకరు తీయాల. మనకు మనం కొలుచుకుంటే చేయి ఎత్తుతాం, చేయి ఎత్తితే భుజం మారిపోతుంది. పైగా టేపు కనబడితే చాలు, అందరం ఊపిరి బిగబట్టి కడుపు లోపలికి లాక్కుంటాం. జాకెట్టు తొడుక్కొని అన్నం తినాల కదమ్మా, మామూలుగా నిలబడు.

ఇంగ చంక వంపు. ముందు భాగానికీ వెనక భాగానికీ ఒకే వంపు గీసేవాళ్లు చాలామంది. మన చేతులు పనిచేసేది యాడ? ముందు వైపు. పిండి కలిపినా, ముగ్గు వేసినా, స్కూటీ తోలినా చేతులు ముందుకే పోతాయి. అందుకని ముందు వంపును వెనకదానికంటే అర ఇంచీ లోపలికి తవ్వాల. లేకపోతే అక్కడ మిగిలిన గుడ్డంతా చంకలో ముద్దకట్టి పొడుస్తుంది. వెనక మాత్రం అట్లా తవ్వగూడదు. వీపున గుడ్డ తగ్గితే చేయి చాపినప్పుడల్లా లాగుతుంది. చేతుల కటింగుకూ ఇదే సూత్రం, ముందు వైపు లోతు, వెనక వైపు నిండు. కాబట్టి ప్రతి ముక్క మీదా ‘ముందు’, ‘వెనక’ అని పెద్దక్షరాలతో రాసుకోవాల. రాయకపోతే ఎడమ చేయి పోయి కుడి చంకకు అతుక్కుంటుంది.

ఆ రవిక ఇట్లా తే, చూద్దాం. చేతిని పరుచు గోడ మీద. ఇట్లా నడిమికి మడిచి చూడు. ఏమైంది? రెండు వైపులా ఒకే వంపు! ముందూ లేదు, వెనకా లేదు. అందుకే పట్టేసింది. ఇంగ భుజం. నిజం చెప్పు, ఆది ఇచ్చి గమ్మున వచ్చినావా, లేక మెడ మాత్రం వెనకాల ఇంకో ఇంచీ దించమని చెప్పినావా? చెప్పినావు కదా! మెడ లోతు పెంచితే పై వెడల్పు తగ్గించాల. అట్లా తగ్గించకపోతే భుజాన్ని పట్టుకునే గుడ్డే ఉండదు, జారక ఏం చేస్తుంది? ఆదిలో లేని మెడను నోటితో అడిగితే వాడు మాత్రం ఏం చేస్తాడు? అదే కాగితమైతే ఆ మెడను ముందుగానే గీసి, వీపు మీద పెట్టి చూసుకొనేదానివి.

నీ పుట్టిల్లు ఆళ్లగడ్డ కదా, ఈ సంగతి నీకు నేను చెప్పాలనా? మీ ఊరి శిల్పులు రాతి మీద ఉలి పెట్టకముందు ఏం చేస్తారు? గీతలు గీస్తారు. ముఖం పొడుగును ఒక తాళం అనుకొని విగ్రహం అంతటికీ లెక్క కడతారు. నవతాళం అంటే ముఖానికి తొమ్మిది రెట్లు నిలువు. ముఖం ఒకటి తేలితే మెడ యాడ, నాభి యాడ, మోకాలు యాడ, అన్నీ తేలిపోతాయి. టైలర్ల చదువు కూడా ఇదే. బొంబాయి జరాప్‌కర్ కటింగ్ పద్ధతి అని దేశమంతా టైలర్లు నేర్చుకున్నది ఉంది. అట్లాంటి పుస్తకాల్లో ఛాతీని మూలంగా పెట్టుకొని, దాంట్లో ఇన్నో వంతు చంక, ఇన్నో వంతు మెడ అని లెక్క కడతారు. అక్కడ ముఖం, ఇక్కడ ఛాతీ, అంతే తేడా.

అయితే శిల్పి చెక్కేది దేవుణ్ణి. దేవుడి ఒళ్లు శాస్త్రంలో రాసినట్టే ఉంటుంది. మన ఒళ్లు శాస్త్రం చదువుకోలేదు కదా! నాకు ఎడమ భుజం కుడిదానికంటే కిందికి వాలి ఉంటుంది. నీకు జబ్బ లావు, నడుం సన్నం. మనిద్దరి ఛాతీ కొలత ఒకటే అయినా నీ జాకెట్టు నాకు రాదు, నాది నీకు రాదు. పుస్తకం లెక్కతో మొదలుపెట్టాల, ఒంటిని చూసి దిద్దుకోవాల. నా ఎడమ భుజం కోసం నేను కాగితాన్ని అక్కడ కోసి, సందు జరిపి, మల్ల టేపుతో అతికించినాను. ఆ అతుకే అసలు కొలత. టైలరు పుస్తకంలో నా పేరు కింద ఉన్న అంకెల్లో ఆ అతుకు లేదు.

మన మల్లన్నకైతే కత్తెరతో పనే లేదు. శివరాత్రి నాడు పాగా చుట్టేది చూసినావు కదా? చూసినావంటే ఏముందిలే, దీపాలన్నీ ఆర్పేస్తారు. చీరాల వైపు నుంచి వచ్చే దేవాంగ నేతన్న ఆ చీకట్లో దిగంబరంగా, గర్భాలయ శిఖరం నుంచి ముఖమండపం మీది నందులను కలుపుకుంటా పాగా చుడతాడు. ఏడాది పొడుగునా రోజుకో మూర చొప్పున నేసిన గుడ్డ అది. మూర అంటే మళ్లీ ఒంటి కొలతే, మోచేయి నుంచి వేలికొస దాకా. స్పర్శ దర్శనానికి మగవాళ్లకు పంచె కావాలంటారు. పంచెకు సైజు ఉందా? తాతది మనవడు కట్టుకుంటాడు. నీ పెళ్లి చీర కోడలు కట్టుకుంటే నిండుగా ఉంటుంది, నీ పెళ్లి జాకెట్టు మాత్రం ఆ పిల్లకు రాదు, ఇప్పుడు నీకే రాదు. కత్తెర పడిందంటే ఆ గుడ్డ ఒక్క మనిషిదే. ఆ ఒక్క మనిషి లెక్క మన ఇంట్లో లేకుండా వేరేవాళ్ల పుస్తకంలో ఉంటే ఎట్లా?

రెడీమేడ్ కొనుక్కోరాదా అంటుందా కోడలు? కొనుక్కోవచ్చు. ఎస్, ఎమ్, ఎల్ అని ఆ చీటీల మీద ఉంటాయే, ఆ కొలతలు ఎవరివనుకున్నావు? చాలావరకు విదేశాల పట్టికలను అటూ ఇటూ మార్చి వాడుకుంటూ వచ్చినవి. మన దేశానికంటూ ఒక పట్టిక ఉండాలని కేంద్ర జౌళి శాఖ, నిఫ్ట్ కలిసి ఇండియాసైజ్ అని ఒక సర్వే పెట్టుకున్నాయి. హైదరాబాదుతో కలిపి ఆరు నగరాల్లో, 15 నుంచి 65 ఏళ్ల లోపు 25,000 మందిని త్రీడీ స్కానర్లతో కొలవాలనుకున్నారు. మంచి పనే, కాదనను. మనకు ముందర కొంచెం దగ్గరి కొలతలు వస్తాయి. కానీ ఎంతమందిని కొలిచినా చివరికి వచ్చేది సగటే. సగటు మనిషి మన వీధిలో ఒక్కరైనా ఉన్నారా చెప్పు?

అమెరికాలో ఉండే మా మేనకోడలు మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక కవరు తెచ్చింది. కవరు మీద గౌను బొమ్మ, లోపల ఉల్లిపొర కాగితం. ప్రతి ముక్క మీదా గుడ్డ ఎటు పెట్టాలో బాణం గుర్తు, అంచుల్లో చిన్న చిన్న గాట్లు. ఈ ముక్క గాటు ఆ ముక్క గాటుకు ఎదురుగా వస్తే రెండూ సరిగా కలిసినట్టు. ఎంత బుద్ధి చూడు! దుకాణంలో 8 సైజు కొనే పిల్లకు ఈ కవర్లో 12 కావాల్సి వచ్చిందంట, బో బాధపడింది. ఏం లేదే, కొనేవాళ్లు సంతోషపడాలని దుకాణాలవాళ్లు అంకెలు దించుకుంటా పోయినారు, కవర్లవాళ్లు పాత అంకెల దగ్గరే ఉండిపోయినారు, నువ్వు నిన్నెట్లా ఉన్నావో నేడూ అట్లాగే ఉన్నావు అని సర్దిచెప్పినాను.

ఆ కవర్లకు ఆద్యుడు ఎబెనెజర్ బటరిక్ అనే దర్జీ. ఆయనది అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రం, స్టెర్లింగ్ అనే చిన్న ఊరు. అంతకు ముందు కూడా పత్రికల్లో నమూనాలు వచ్చేవి గానీ ఒకటే సైజు. పెంచుకోవడం, తగ్గించుకోవడం కుట్టుకునేవాళ్ల తిప్పలు. 1863లో బటరిక్ సైజువారీగా కాగితం నమూనాలు అమ్మడం మొదలుపెట్టినాడు. ఆయన భార్య ఎలెన్ పిల్లవాడికి గౌను కుట్టబోతా, ఇవి సైజుల్లో దొరికితే బాగుండునని అనడంతోనే ఆ ఆలోచన వచ్చిందని చెప్తారు.

ఇంకోటి విను. గాంధీగారికి యంత్రాలంటే పడదంటారు కదా, కుట్టు మిషన్‌ను మాత్రం ఆయన మినహాయించినారు. 1924లో ఆ మాట చెప్తా, సింగర్ తన భార్య చేత్తో కుట్టలేక పడే అవస్థ చూసి, ఆమె మీది ప్రేమతో మిషన్ తయారు చేసినాడని మెచ్చుకున్నారు. సింగర్ పేటెంటు 1851 నాటిది. సింగర్‌కు కాపురం ఒకటి కాదని తర్వాత చదివినాక ఆ ప్రేమ సంగతి నాకు అంత నమ్మబుద్ధి కాలేదు, అది వేరే మాట. రెండు కథల్లోనూ కుట్టింది భార్య. మిషన్ మీద, కవరు మీద పేరు మాత్రం భర్తది. అవునా కాదా?

గుడ్డ సంగతి చెప్పకపోతే నువ్వు రేపే కత్తెర పట్టుకుంటావు, ఉండు. కాగితాన్ని ఎట్లా తిప్పినా ఒకటే, గుడ్డ అట్లా కాదు. పడుగు దారాలు మగ్గం మీద బిగించి లాగినవి, అవి సాగవు. అడ్డం వచ్చే పేక కాస్త ఇస్తుంది. నీ చేతిలో ఆ రుమాలు ఉందే, నిలువున లాగు. రాలేదు కదా? ఇప్పుడు ఎదురెదురు మూలలు పట్టుకొని లాగు. చూసినావా ఎట్లా సాగిందో! దారం సాగడం కాదు అది, దారాల మధ్య ఉండే చదరాలు వాలిపోతాయి. క్రాస్ కట్ జాకెట్టు అంటే ఇంతే. ముందు భాగాన్ని గుడ్డ మీద ఏటవాలుగా పెట్టి కోస్తారు, ఒంటి వంపుకు గుడ్డే సర్దుకుంటుంది. పారిస్‌లో మడెలిన్ వియోనె అనే ఆవిడ 1920లలో గౌన్లు ఇట్లా ఏటవాలుగా కోసి లోకమంతా పేరు తెచ్చుకుంది. మన వీధి టైలర్లు అదే పని దినామూ చేస్తారు, పేరడిగే వాళ్లు లేరు. ఒకటే చిక్కు, క్రాస్‌కు గుడ్డ ఎక్కువ తినేస్తుంది. చీరతో వచ్చే చిన్న ముక్కలో ఇరికించబోతే చేతులకు అతుకులు వేయాల్సి వస్తుంది. కాగితం ముక్కలన్నీ ముందు గుడ్డ మీద పరిచి చూసుకుంటే ఆ సంగతి కత్తెర పెట్టకముందే తెలిసిపోతుంది.

కోసే ముందు రోజు గుడ్డను నీళ్లలో నానబెట్టి, నీడన ఆరేసి, ఇస్త్రీ చేయి. నంద్యాల పరిశోధన కేంద్రం వాళ్ల నరసింహ పత్తి అయినా, యాడి పత్తి అయినా నూలు నూలే. గంజి పోయిందాకా దాని అసలు పొడుగు తేలదు. కోసి కుట్టినాక కుదించుకుంటే ఇంత కష్టమూ నీళ్లపాలు.

మొదటిసారే మంచి గుడ్డ మీద పెట్టొద్దు. పాత దుప్పటి ఉంటే తీయి. ఎమ్మిగనూరు దుప్పటి అయితే ఇంకా మంచిది, చిరిగినా నేత గట్టిగా ఉంటుంది. 1938లో మాచాని సోమప్ప గారు పెట్టిన చేనేత సంఘం ఊరు కదా అది. ఆ గుడ్డతో హుక్సులు, కాజాలు, లైనింగు ఏమీ లేకుండా పెద్ద పెద్ద కుట్లు వేసి తొడుక్కొని అద్దంలో చూసుకో. ముడతలను చదవడం నేర్చుకుంటే చాలు వదినా. ముడత ఎటు చూపిస్తే లోపం అటే ఉంటుంది. వీపున అడ్డంగా గీతలు పడితే అక్కడ గుడ్డ చాలలేదని. ఛాతీ నుంచి చంకకు ఏటవాలుగా లాగితే డాటు చాలలేదో, సరైన చోట పడలేదో అని. నడుం పైన గుడ్డ మడతలుగా పేరుకుంటే పొడుగు ఎక్కువైందని. అక్కడికక్కడ పిన్నులు పెట్టి, ఆ మార్పు వెంటనే కాగితం మీద వేసుకో. గుడ్డ మీద దిద్ది వదిలేస్తే ఒక్క జాకెట్టు బాగుపడుతుంది, కాగితం మీద దిద్దితే రాబోయేవన్నీ బాగుపడతాయి.

ఆ దుప్పటి జాకెట్టు కుదిరినాక వాయనాల ముక్కలు ఉన్నాయి కదా? నీ బీరువాలో ఎన్ని ఉంటాయో! నోములో ఒకరిచ్చింది ఇంకొకరి పేరంటంలో ఇచ్చేస్తాం. ఊరంతా తిరిగి వస్తాయి గానీ ఒక్కటీ ఒంటి మీదికి ఎక్కదు. కుట్టుకూలి గుడ్డ ఖరీదును మించిపోతే ఎవరు కుట్టిస్తారు మరి? చేయి తిరగడానికి వాటికంటే మంచి గుడ్డ లేదు. పైగా పోతే పోయిందిలే అనుకోవచ్చు.

నన్నడిగితే జాకెట్టు కంటే ముందు లంగాతో మొదలుపెట్టడం మేలు. ఆరు ముక్కల లంగా అయితే అన్నీ దాదాపు నేరు గీతలే, చంక గొడవే లేదు. ఒక్కో ముక్క పైన సన్నం, కింద వెడల్పు. ఒకటి నిలబెట్టి, పక్కదాన్ని తలకిందులు చేసి పరిస్తే గుడ్డ ఎక్కడా వృథా పోదు. నీ నడుం కొలతను ఆరుతో భాగించి కుట్టుకు కాస్త కలుపుకుంటే పై వెడల్పు వచ్చేసినట్టే. దాని తర్వాత నైటీ, మనవరాలి గౌను. అప్పటికి కత్తెర భయం పోతుంది.

డబ్బు బాగా మిగులుతుందని నేను చెప్పను. దారాలు, హుక్సులు, లైనింగు, మిషన్‌కు నూనె, సూదులు, అన్నీ కలిపితే మరీ పెద్దగా ఏమీ మిగలదు. కూర్చున్న పూటకు కూలి కట్టుకుంటే అసలే మిగలదు. పట్టు జాకెట్లు, మగ్గం వర్కువి, ప్యాడ్లు పెట్టేవి టైలరుకే ఇద్దాం. వాళ్ల చేతికి ఉన్న వాడుక మనకు రాదు. కాకపోతే ఈసారి పాత జాకెట్టుకు బదులు కాగితం ఇచ్చి రా. మొదట ముఖం చిట్లిస్తాడు, ఇదేందమ్మా అంటాడు. ఒక్కటి కుదిరిందంటే ఆ కాగితం తన దగ్గరే ఉంచుకుంటానంటాడు చూడు. ఇవ్వొద్దు. నకలు గీసుకోమను, అసలు మనదే.

కాగితాలు మడిచి పెట్టొద్దు, మడత దగ్గర కొలత పోతుంది. మేకుకు తగిలించు. అతికించినాక గోడ మీద మాత్రం ఆరబెట్టొద్దు సుమా. మైదా వాసనకు కోతులు వచ్చినాయంటే ముందు భాగం సత్రం మీద, వెనక భాగం చింతచెట్టు మీద ఉంటాయి.

ఏంది, మీ ఆయన చొక్కా కూడానా? ఇప్పుడే ఆ మాట ఎత్తొద్దు తల్లీ. కాలరు, కఫ్‌లు, జేబు, అది వేరే గ్రంథం. మీ ఆయన కాలరు ఎంతో నీకు నోటికొచ్చు. 40 అంటావు, చూడకుండానే. కొడుకు నడుం ఎంతో తెలుసు, మనవరాలి చెప్పు సైజు తెలుసు, కోడలి గాజుల కొలత తెలుసు. సరే, నీ భుజం ఎంతో చెప్పు చూద్దాం? పోనీ చేతి చుట్టు? చూసినావా, అందరి కొలతలూ ఉన్న ఇంట్లో నీది ఒక్కటీ లేదు. రేపు అన్నాలైనాక రా. టేపు నాది, మైదా నీది. అంకెలు చూసి మాత్రం దిగులు పడొద్దు, ఉన్నది ఉన్నట్టు రాసుకుందాం.